నూట అరవై అక్షరాల అంగడి

వర్తకుడు తన సరుకు గురించి చాటుకోవడం కొత్త సంగతి కాదు. ఊరివీధుల్లో టముకు, గోడలమీద రాతలు, సినిమాహాల్లో స్లైడులు, రేడియోలో ప్రకటనలు - అన్నీ మనమెరిగినవే. అయితే ఇవన్నీ పదిమందికీ కలిపి చెప్పినవి. ఒక్కొక్క మనిషినీ విడిగా, అతని జేబులోనే పలకరించే వీలు సెల్‌ఫోనుతో వచ్చింది. ఆ వీలు మనదేశంలో ఎలా పెరిగిందో, అందులో తెలుగు ఎక్కడ నిలిచిందో చూద్దాం. తెలుగు పంతులుగా పనిచేసినవాణ్ణి కనుక అక్షరం దగ్గరే మొదలుపెడతాను.

1985 ప్రాంతంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు టైపురైటరు మీద తోచిన వాక్యాలు కొట్టి, లెక్కించి, ఒక సందేశానికి 160 అక్షరాలు చాలునని తేల్చాడట. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలు తొలి ఎస్సెమ్మెస్. మనదేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న కలకత్తాలోని జ్యోతిబసుకూ, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కూ మధ్య జరిగింది.

ఆ 160 లాటిన్ లిపికి సరిపోయిన కొలత. సందేశపు సంచి పరిమాణం 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు. యూనికోడ్ తెలుగుకు పదహారు కావాలి. అందుచేత తెలుగులో దక్కేవి 70 మాత్రమే. అవైనా మనం బడిలో చెప్పుకునే అక్షరాలు కావు. 'స్త్రీ' అన్నది మనకు ఒక్క అక్షరం, ఛందస్సులో ఒక గురువు, రెండు మాత్రలు. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం - ఆరు సంకేతాలు. మామూలు కందపద్యమొకటి ఒక్క సందేశంలో ఇమడదు. 70 దాటితే రెండు సందేశాల ఖర్చు. పైగా ఆనాటి ఫోన్లలో చాలావాటికి తెలుగు రాదు; అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. ఇక వర్తకుడేం చేస్తాడు? ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనో రాశాడు.

అది చదవలేనివారిని చేరడానికి గొంతు ఉండనే ఉంది. మొదట్లో వచ్చిన కాలుకు కూడా పుచ్చుకున్నవాడే డబ్బు కట్టేవాడు. 2003లో ఆ భారం పోయింది. అది సామాన్యుడికి మేలే. ఆ మేలుతోపాటే అప్పులూ, స్థలాలూ, బీమాలూ అమ్మజూపే కాల్‌లు పెరిగాయి. 2007లో 'మాకు చేయవద్దు' అని నమోదు చేసుకునే పట్టిక వచ్చింది. 2011 సెప్టెంబరు 27నుంచి ట్రాయ్ నిబంధనలు గట్టిపడ్డాయి. రాత్రి 9నుంచి ఉదయం 9వరకు వ్యాపార సందేశాలు కూడవన్నారు. 1909కి చెప్పి వాటిని ఆపుకునే ఏర్పాటు చేశారు. ఒక సిమ్‌నుంచి రోజుకు 100 సందేశాలన్న హద్దు మామూలు జనానికీ తగిలింది. కొద్దినాళ్ళకే దాన్ని 200 చేశారు.

అసలు చిక్కు కాలర్‌ట్యూన్ల వంటి సేవల్లో బయటపడింది. నక్షత్రం మీట నొక్కితే పాట మీదేనంటారు. ఏదో నొక్కినవారికి నెలనెలా డబ్బు తెగుతుంది. దేనికి ఒప్పుకున్నారో వారికే తెలియదు. ఇటువంటి సేవ మొదలుపెట్టేముందు రెండుమార్లు అంగీకారం తీసుకోవాలని 2013లో ట్రాయ్ ఆదేశించింది.

దీనికి ఎదురుదారి మిస్డ్ కాల్. డబ్బు మిగుల్చుకోవడానికి జనం కనిపెట్టిన ఉపాయాన్నే వర్తకులు అందిపుచ్చుకున్నారు. 2010లో బెంగుళూరులో మొదలైన జిప్‌డయల్ దాన్నే వ్యాపారం చేసుకుంది. 2015లో ట్విట్టర్ దాన్ని కొనుక్కుంది. హిందుస్తాన్ యూనిలివర్ బీహారు, జార్ఖండు పల్లెల్లో 'కాన్ ఖజూరా టేసన్' నడిపింది. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చి, పాటలూ హాస్యమూ, నడుమ సబ్బుల ప్రకటనలూ వినిపించేవి. కరెంటు సరిగా లేని ఊళ్ళకు అది రేడియో అయింది. 2014లో కాన్ ఉత్సవంలో బహుమతులూ పొందింది. అక్కడ తలుపు తట్టినవాడు కొనుగోలుదారే, విన్నది తన భాషే. అందుకే దాన్ని తక్కినవాటితో కలిపి తిట్టలేను.

2018 నిబంధనలతో పంపేవారి పేరూ, సందేశపు నమూనా వాక్యమూ ముందే నమోదు కావాలన్నారు. 2021 మార్చిలో దాన్ని కచ్చితంగా అమలుచేయబోతే బ్యాంకుల ఓటీపీలు సైతం నిలిచిపోయి, కొన్నాళ్ళు వాయిదా వేయవలసివచ్చింది. 2025 సవరణతో పంపినవారి పేరు చివర 'పీ' ఉంటే వ్యాపార ప్రచారమని, 'ఎస్' ఉంటే సేవ అని, 'టీ' ఉంటే లావాదేవీ అని, 'జీ' ఉంటే ప్రభుత్వమని గుర్తు పెట్టారు.

మంచి ఏర్పాటే. కానీ ఆ గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలే! ఇన్నేళ్ళుగా చట్టం 'అనుమతి ఉందా' అని అడుగుతూ వచ్చింది. ఏ భాషలో అడిగి పుచ్చుకున్న అనుమతి అని కూడా అంత గట్టిగానూ అడగాలి. చదవలేని లిపిలో ఇచ్చిన ఒప్పుకోలు, నిశానీకి ముందు చదివి వినిపించని పత్రం వంటిది. ఇప్పటి ఫోన్లకు తెలుగు వచ్చు. డబ్బాలన్న సాకు చెల్లదు. మిగిలింది రెండో సందేశపు ఖర్చే. అమ్మేవాడు ఆ ఖర్చు భరించవలసిందే అంటాను. మీరేమంటారు?