సానియా మీర్జా

సానియా మీర్జా (జననం: 1986 నవంబర్ 15, ముంబై) హైదరాబాద్‌కు చెందిన మాజీ టెన్నిస్ క్రీడాకారిణి. 2003 నుంచి 2023 దాకా ప్రొఫెషనల్‌గా ఆడింది. మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచింది. డబుల్స్‌లో 91 వారాలు ప్రపంచ నంబర్‌వన్‌గా ఉంది. ఈ లెక్కలు చూసి ఆమెను డబుల్స్ క్రీడాకారిణిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు చాలామంది. కానీ దేశం ఆమె పేరు మొదట విన్నది సింగిల్స్ వల్లనే. గాయాలు అడ్డుపడకపోతే ఆమె డబుల్స్‌కే పరిమితమయ్యేది కాదు.

తండ్రి ఇమ్రాన్ మీర్జా క్రీడా పాత్రికేయుడిగా పనిచేశాడు. తల్లి నసీమా. భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన గులాం అహ్మద్ వీరికి బంధువు. సానియా ఆరేళ్ల వయసులో హైదరాబాద్‌లో రాకెట్ పట్టింది. టెన్నిస్ క్రీడాకారుడు మహేశ్ భూపతి తండ్రి సి.కె. భూపతి దగ్గర తొలి పాఠాలు నేర్చింది. అప్పట్లో నగరంలో మంచి హార్డ్ కోర్టులు అరుదు. పేడతో అలికిన మట్టి కోర్టుల మీదే ఆట నేర్చుకున్నానని తర్వాత ఆమే చెప్పింది. శిక్షణ బాధ్యత చాలా ఏళ్లు తండ్రే చూసుకున్నాడు. ఆడపిల్లను టెన్నిస్‌లోకి పంపడమే వింతగా చూసే రోజులవి. ఆధునిక యుగంలో సానియాకు ముందు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో ఒక మ్యాచ్ నెగ్గిన భారత మహిళగా చెప్పుకోవడానికి నిరుపమా వైద్యనాథన్ (1998, ఆస్ట్రేలియన్ ఓపెన్) పేరు తప్ప మరొకటి లేదు.

2002 బూసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి సానియా మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. 2003లో రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో జోడీ కట్టి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు సాధించింది. 2004లో సొంత ఊరి డబ్ల్యూటీఏ టోర్నీ హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ అందుకుంది.

2005 ఆమె జాతకం మార్చిన సంవత్సరం. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ చేరి సెరీనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. ఓడినా రెండో సెట్‌లో కొట్టిన ఫోర్‌హ్యాండ్లు జనానికి గుర్తుండిపోయాయి. ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొందరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. అప్పటికి వయసు పద్దెనిమిది. విచిత్రమేమంటే మరుసటి ఏడాదే ఆ టోర్నీ బెంగళూరుకు తరలిపోయింది. సానియా మళ్లీ సింగిల్స్ టైటిల్ గెలవలేదు. 2005లోనే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది. యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లి మరియా షరపోవా చేతిలో ఓడింది. డబ్ల్యూటీఏ ఆమెను ఆ ఏటి ఉత్తమ నూతన క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆటతోపాటు ఆమె పొట్టి స్కర్టు మీదా, టీషర్టు మీది రాతల మీదా జరిగిన చర్చ ఆ వయసు పిల్ల మోయాల్సిన బరువు కాదు.

ఆమె బలమంతా ఫోర్‌హ్యాండ్‌లో ఉంది. బంతి తగిలే చివరి క్షణంలో మణికట్టు కొరడాలా తిరిగేది. పెద్ద పెద్ద ర్యాంకర్లు కూడా ఆ వేగానికి తడబడేవాళ్లు. బలహీనతలూ దాగేవి కావు: సర్వీస్‌లో పదును తక్కువ, కోర్టంతా పరుగెత్తడంలో చురుకు తక్కువ. 2006లో సియోల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌ను మూడు సెట్లలో ఓడించింది. 2007 వేసవిలో స్టాన్‌ఫోర్డ్ ఫైనల్ చేరింది. ఆ ఆగస్టులో 27వ ర్యాంకు అందుకుంది, సింగిల్స్‌లో అదే ఆమె అత్యుత్తమం. ఆ తర్వాత కుడి మణికట్టు మొరాయించింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ తొలి రౌండ్ మధ్యలోనే నొప్పితో తప్పుకుంది. తర్వాత శస్త్రచికిత్స జరిగింది. మోకాళ్లకూ కత్తి తప్పలేదు. ఆమెను గెలిపించిన మణికట్టే ఆమె సింగిల్స్‌ను కుదించింది. 2013లో సింగిల్స్ పూర్తిగా మానేసింది.

ఈలోగా జోడీ ఆటలో విజయాలు పోగవుతూనే ఉన్నాయి. మహేశ్ భూపతితో 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012లో ఫ్రెంచ్ ఓపెన్, బ్రెజిల్‌కు చెందిన బ్రూనో సోరెస్‌తో 2014లో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిళ్లు గెలిచింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో పేస్‌తో, 2014 ఇంచియాన్‌లో తెలుగువాడైన సాకేత్ మైనేనితో మిక్స్‌డ్ స్వర్ణాలు సాధించింది. 2012 లండన్ ఒలింపిక్స్ జట్టు ఎంపికలో పేస్, భూపతి వర్గాల మధ్య గొడవ రేగినప్పుడు తనను ఎరగా వాడుకున్నారని జాతీయ టెన్నిస్ సంఘాన్ని బహిరంగంగా నిలదీసింది. పెద్దల గొడవలో నోరు మూసుకుని కూర్చోకపోవడం ఆమె స్వభావం.

డబుల్స్ ఆమె శరీరానికి సరిగ్గా సరిపోయిన ఆట. కాపాడాల్సింది సగం కోర్టే. సర్వీస్ మెత్తగా పడినా నెట్ దగ్గర నిలబడే భాగస్వామి ఆదుకుంటుంది. 2015 మార్చిలో హింగిస్‌తో జత కుదిరాక ఆ భాగస్వామి ప్రపంచంలోనే అత్యుత్తమురాలైంది. కుడివైపు నుంచి సానియా ఫోర్‌హ్యాండ్‌తో బాదేది. ఎడమవైపు నుంచి హింగిస్ బ్యాక్‌హ్యాండ్‌తో, వాలీలతో పాయింట్ ముగించేది. అభిమానులు ఈ జోడీని ‘సాంటీనా’ అన్నారు. ఇండియన్ వెల్స్, మయామీ, చార్లెస్టన్ వరుసగా గెలిచి, 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్‌వన్ అయింది. ఆ స్థానం అందుకున్న తొలి భారత మహిళ ఆమే.

ఆ జూలైలో జరిగిన వింబుల్డన్ ఫైనల్ ఆమె జీవితంలోకెల్లా పెద్ద మ్యాచ్. ఎదురుగా రష్యా జోడీ మకరోవా, వెస్నీనా. మొదటి సెట్ 5-7తో పోయింది, రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి ఒక్కో గేమూ లాక్కుంటూ 5-5కు తెచ్చేసరికి వెలుతురు తగ్గింది. ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి దీపాలు వేశారు. తిరిగి దిగాక మిగిలిన రెండు గేములూ వీళ్లవే, 7-5. తర్వాత 2015 యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఈ జోడీ ఖాతాలోకే వెళ్లాయి. 41 మ్యాచ్‌ల వరుస విజయాలకు 2016 ఫిబ్రవరిలో దోహాలో తెరపడింది. ఆగస్టుకు ఇద్దరూ విడిపోయారు. కలిసి గెలిచినవి 14 టైటిళ్లు. అదే నెల రియో ఒలింపిక్స్‌లో రోహన్ బోపన్నతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్య పోరులో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఒలింపిక్ పతకం లోటు అలాగే మిగిలింది.

2010లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను పెళ్లాడింది. తర్వాత ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. 2018లో కొడుకు ఇజాన్ పుట్టాక బాగా బరువు తగ్గి, 2020 జనవరిలో హోబార్ట్‌లో నదియా కిచెనోక్‌తో డబుల్స్ గెలిచి తిరిగొచ్చింది. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో బోపన్నతో కలిసి ఓడిపోవడం ఆమె చివరి గ్రాండ్‌స్లామ్ మ్యాచ్. ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆట ముగించి, మార్చి 5న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడింది.

అర్జున (2004), పద్మశ్రీ (2006), ఖేల్‌రత్న (2015), పద్మభూషణ్ (2016) పురస్కారాలు ఆమెను వరించాయి. హైదరాబాద్ శివారులో 2013 నుంచి ఆమె అకాడమీ నడుస్తోంది. సానియా తర్వాత సింగిల్స్‌లో తొలి వంద ర్యాంకుల్లోకి భారత మహిళ ఇంకా ఎవరూ రాలేదు.