ఎవరూ ఫొటో తియ్యని రైలు

నాకో పిచ్చి ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు బ్రిటన్ పాత రైళ్ళ ఫొటోలు చూస్తూ కూర్చుంటాను. చూడగా చూడగా ఒకటి తట్టింది. 1960ల ఫొటోల్లో ఎక్కడ చూసినా పొగబండ్లే! అవే పట్టాల మీద రోజూ తిరిగిన డీజిల్ ప్యాసింజర్లు మాత్రం చాలా అరుదు.

కారణం తేలికే. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేస్ మెయిన్ లైన్లలో ఆవిరి శకం ముగిసింది. అప్పటిదాకా కెమెరా ఉన్నవాళ్ళంతా దాని వెనకే పరిగెత్తారు. 1954లో లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ వైపు మొదలైన డీజిల్ బళ్ళు వాళ్ళకి విలన్లు. ఫిల్ము రీలు ఖర్చుపెట్టి విలన్ ఫొటో ఎవరు తీస్తారు చెప్పండి?

కానీ 1963లో బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూసెయ్యమన్నాక, మిగిలిన చిన్న లైన్లలో చాలావాటిని లాక్కొచ్చింది ఈ విలన్లే. రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్, ఇంజను తిప్పే పనే లేదు, ఖర్చు తక్కువ.

1980లలో పేసర్లొచ్చాయి. లేలాండ్ బస్సు డిజైను, పెట్టెకి నాలుగే చక్రాలు, మలుపులో కీచుమని అరుపు. ఇరవయ్యేళ్ళకని చేసినవి ముప్పై దాటి నడిచాయి. తాత్కాలికం అని వేసిన ప్యాచ్ ఎన్నాళ్ళుంటుందో మనకి వేరే చెప్పాలా? జనం తిట్టుకుంటూనే ఎక్కారు. 2021లో చివరివి ఆగిపోయాయి. ఒకటి షిల్డన్ మ్యూజియం చేరింది.

మనం ప్రేమించినవాటికే ఫొటోలుంటాయి, మనల్ని మోసినవాటికి కాదు. మీ ఊరి ప్యాసింజరు ఫొటో ఒక్కటైనా మీ దగ్గరుందా? నా దగ్గరైతే లేదు.