‘అడ్వాన్స్’ అనే మాట

కొల్లేటికి ఎగువన, ఏలూరు దగ్గర్లో పెదపాడు. 2015లో అక్కడి పోలీస్ స్టేషన్లో నమోదైన అగ్రిగోల్డ్ కేసుని మన వినియోగదారుల చరిత్రలో ఒక మలుపుగా చూస్తాను నేను.

ఈడీ ఆరోపణ ప్రకారం, నూట ముప్పైకి పైగా కంపెనీలు ‘ప్లాటుకి అడ్వాన్స్’ పేరుతో సుమారు 6,380 కోట్లు వసూలు చేశాయి. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. డిపాజిట్ అంటే అనుమతులు అడుగుతారు. అడ్వాన్స్ అంటే మామూలు బేరం.

అప్పట్లో 1986 చట్టం పుణ్యాన తాడేపల్లిగూడెం మనిషి రసీదు పట్టుకుని, లాయరు లేకుండానే ఏలూరు జిల్లా ఫోరంలో ఫిర్యాదు చేసుకోగలిగేవాడు. కానీ అది ఒక్కొక్కరుగా నడిచే దారి. నష్టపోయింది లక్షలమంది. అందుకే ఆస్తుల జప్తుకి 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కావలసి వచ్చింది. ఆ వేలాలు తెమిలేలోగా, 2019 నవంబరులో, పదివేల లోపు కట్టినవాళ్లకి ప్రభుత్వమే చెల్లించింది. అంటే, జనం సొమ్ము జనానికే.

2019 వినియోగదారుల చట్టం గుంపు తరఫున కదలడానికి ఒక కేంద్ర సంస్థని పెట్టింది. మంచిదే. అయితే ఆ ఏజెంట్లలో ఎందరో ఊళ్లో తెలిసినవాళ్లే, చుట్టాలే. వాళ్ల ముందు రసీదు చదివితే అనుమానించినట్టవుతుందని చదవకుండానే మడిచి బీరువాలో పెట్టుకున్నాం. ఆ మొహమాటానికి ఏ సెక్షనూ లేదు.