నిలిచేది ఏది? సవరల జీవితంలో క్రైస్తవ విశ్వాసం

మనిషి చనిపోయాక ఏమవుతాడు? అతనితో మనకున్న బంధం ఏమవుతుంది? ఈ ప్రశ్నను మన సవర జాతి అడిగినంత పట్టుదలగా అడిగిన జాతులు ప్రపంచంలో తక్కువ. ఆ ప్రశ్నకు మన తాతముత్తాతలు ఒక జవాబు చెప్పుకున్నారు. తరువాత మనలో చాలామంది క్రీస్తు విశ్వాసంలో మరో జవాబు వెతుక్కున్నారు. ఈ రెండు జవాబుల చరిత్రా నేటి యువతీ యువకులకు తెలియాలి. ఎందుకంటే ఈ రోజు మన ఊళ్లలో ఒకే కుటుంబంలో అన్న ఒక దారిలో, తమ్ముడు మరో దారిలో ఉన్నారు. ఎవరైనా చనిపోతే కట్టెల మీద పెట్టాలా, మట్టిలో పెట్టాలా అన్న మాట దగ్గరే ఇల్లు రెండుగా చీలుతోంది.

పాత జవాబు

మన భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల నుంచి ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల వరకు మన ఊళ్లు పరుచుకుని ఉన్నాయి. ఈ కొండల్లో చావు అంటే మాట ఆగిపోవడం కాదు. దహనం అయ్యాక కూడా చనిపోయినవారు కుడాన్ నోట పలికేవారు. పూనకంలో ఉన్న కుడాన్ చుట్టూ బంధువులు కూర్చుని వారితో మాట్లాడేవారు. ఎలా పోయావు, ఎవరి మీద అలిగావు, పొలం ఎవరికి ఇవ్వమంటావు అని అడిగేవారు. ఏడ్చేవారు, తగువుపడేవారు, నవ్వేవారు కూడా.

చనిపోయిన వ్యక్తిని 'సొనుం' అనేవారు. మొదట్లో ఆ సొనుం తాను పడ్డ బాధనే బతికున్నవారికి తెచ్చిపెడుతుందని భయం. గువార్ చేసి రాయి నిలబెట్టి, దున్నను బలి ఇచ్చి, ఏళ్ల తరబడి మాట్లాడగా ఆ సొనుం మెల్లగా శాంతించి పెద్దల్లో కలిసేది. చివరికి ఆ పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు పెట్టేవారు. ఇంటి గోడ మీద వేసే ఇడితాల్ బొమ్మలు కూడా ఈ సంబంధంలో భాగమే.

వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పెద్ద గ్రంథంలో ఈ మతాన్ని వివరంగా నమోదు చేశాడు. 1970ల నుంచి మన ఊళ్లలో ఉండి, మన భాష నేర్చుకున్న బ్రిటిష్ పరిశోధకుడు పియర్స్ విటెబ్స్కీ ఈ సంభాషణల మీదే 1993లో ఒక పుస్తకం రాశాడు. ఆయన గమనించిన ఒక సంగతి మనం మరచిపోకూడదు. పాత నమ్మకం ప్రకారం సొనుం కూడా శాశ్వతం కాదు. తనను గుర్తుపెట్టుకున్నవారు ఒక్కొక్కరే పోయాక, సొనుం రెండోసారి చనిపోయి సీతాకోకచిలుక అవుతుంది. ఇక దాన్ని పలకరించేవారు ఉండరు. అంటే మనిషి నిలిచేది, తనను తలచుకునేవారు ఉన్నంతకాలమే. ఇదీ మన పెద్దల నిజాయితీ గల జవాబు.

మన భాషలో వచ్చిన మాట

తెలుగు నేలపై కెనడా బాప్టిస్టుల పని 1874లో కాకినాడలో మొదలైంది. అక్కడి నుంచి ఉత్తరానికి విస్తరించి పర్లాకిమిడికీ, ఆపైన సెరంగో కొండలకూ చేరింది. సెరంగోలో ఆసుపత్రి వెలిసింది. అయితే మందులు, బడి ఉన్నంత మాత్రాన విశ్వాసం మనుషుల గుండెల్లో పాతుకోదు. అది సవర మాటలో వినిపించాలి.

ఇక్కడ మనం ఒక క్రైస్తవేతరుడికి కృతజ్ఞత చెప్పాలి. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవర మాట్లాడే కుర్రవాణ్ణి ఇంట్లో ఉంచుకుని ఆయన మన భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన తయారుచేసిన సవర వాచకాలను 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. తెలుగువారు ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. మనకు మాత్రం ఆయన ముందుగా సవర భాషకు గౌరవం తెచ్చిన పెద్దమనిషి.

మిషనరీలు ఇలాంటి భాషా కృషి ఆసరాగా, రోమన్ లిపిలో, సువార్తను సవరలోకి తెచ్చారు. పెంతెకొస్తు రోజున యెరూషలేములో ప్రతివాడూ తన సొంత భాషలో దేవుని మాట విన్నాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. మన కొండల్లోనూ జరిగింది అదే. కచేరీలో, సంతలో, అటవీ అధికారి ముందు తలవంచుకుని నిలబడ్డ మనిషి, ప్రార్థనలో మాత్రం తన సొంత మాటలో తల ఎత్తుకుని దేవునితో మాట్లాడగలిగాడు. అక్షరం కూడా ఆ దారినే చాలా ఇళ్లకు వచ్చింది.

1936 మనకు మరపురాని ఏడాది. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన జాతి రెండు రాష్ట్రాల మధ్య పడింది. జూన్ 18న మంగేయ్ గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపిని వెల్లడించారు. ఆ బాటలో నడిచినవారికి అక్షరమే దైవం. దారులు వేరైనా, సువార్త అందుకున్నవారూ సొంపెంగ్‌ను కొలిచినవారూ కోరుకున్నది ఒకటే. మన మాట నిలవాలి, మనం నిలవాలి.

కొత్త జవాబు, దాని ధర

1970ల తరువాత, రోడ్లు, బడులు కొండెక్కుతున్న కాలంలో, ముఖ్యంగా ఒడిశా వైపు ఊళ్లలో యువతరం పెద్ద సంఖ్యలో బాప్తిస్మం తీసుకుంది. కారణాలు ఒకటి కాదు. చదువు, ఆత్మగౌరవం, బలులకు అయ్యే ఖర్చు, సొనుం భయం నుంచి విడుదల, ఇవన్నీ ఉన్నాయి. కానీ గుండెను తాకింది మాత్రం సమాధి దగ్గర వినిపించిన మాట. బతికున్నవారు మరచిపోయినా దేవుడు మరచిపోడు. మనిషి సీతాకోకచిలుకై అడవిలో కలిసిపోడు, పేరుతో సహా తిరిగి లేపబడతాడు. పాత జవాబు ఆగిపోయిన చోట కొత్త జవాబు మొదలైంది.

దీనికి ధర కూడా ఉంది. విటెబ్స్కీ 2017లో రాసిన రెండో పుస్తకం ఈ మార్పు గురించే. క్రైస్తవుడు దేవునితో మాట్లాడతాడు గానీ చనిపోయిన తల్లితో మాట్లాడడు. ఏళ్ల తరబడి మాట్లాడి తీర్చుకునే దుఃఖాన్ని, కొద్ది ప్రార్థనలతో లోపల దాచుకోవలసి వచ్చింది. కుడాన్‌లతో పాటు పాటలు, వంశాల జ్ఞాపకాలు, మాటల లోతు కూడా పోయాయి. దీన్ని విశ్వాసులమైన మనం దాచకూడదు. లాజరు సమాధి దగ్గర యేసు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. నిరీక్షణ ఉన్నవాడు ఏడవకూడదని సువార్త ఎక్కడా చెప్పలేదు.

యువతకు ఒక మాట

నేడు మనలో చాలామంది విశాఖలో, హైదరాబాదులో హాస్టళ్లలో చదువుతున్నాం. ఉద్యోగం, ఫోను, బండి, ఇవన్నీ కావాలి. కానీ అవి మన తాతలు అడిగిన ప్రశ్నకు జవాబు కావు. పాత జవాబు చేతిలో లేక, కొత్త జవాబు గుండెకు ఎక్కక, ప్రశ్నే మరచిపోవడం అసలైన నష్టం. విశ్వాసం ఆదివారం తెల్లచొక్కా అయిపోతే అది కూడా నిలవదు.

క్రీస్తులో జీవితానికి అర్థం దొరుకుతుందని నమ్మేవారు పూర్వీకులను చీకటి మనుషులని చులకన చేయనవసరం లేదు. చనిపోయినవారిని వదిలిపెట్టకూడదన్న ప్రేమ వారిది. ఆ ప్రేమ వ్యర్థం కాదని చెప్పేదే పునరుత్థానం. అలాగే పాత దారిలో ఉన్నవారు, సంఘానికి వెళ్లిన తమ్ముణ్ణి జాతి విడిచినవాడుగా చూడనవసరం లేదు. అతడు ఇప్పటికీ సవరలోనే ప్రార్థిస్తున్నాడు.

ఇంట్లో పెద్దలు ఉండగానే వారి పక్కన కూర్చోండి. వంశం పేర్లు, గువార్ రాళ్ల కథలు, మొదటి విశ్వాసులు పడ్డ కష్టాలు, అన్నీ సవరలోనే అడగండి, ఫోనులో రికార్డు చేయండి. ఇంట్లో చావు వచ్చినప్పుడు కట్టెలా, మట్టా అన్న వాదన మొదలుపెట్టే ముందు, పోయినవారు ఎలా నమ్మి బతికారో ఆలోచించండి. వారి నమ్మకాన్ని గౌరవించి, అందరూ కలిసి మోయండి. పాడె మోయడానికి రెండు దారుల భుజాలూ కావాలి.