వెలుగుతో స్నిగ్ధతను కొలుచుట

ఆముదమును, నీటిని రెండు గిన్నెలనుండి వంచి చూడుడు. నీరు తటాలున జారును. ఆముదము మెల్లగా సాగును. ద్రవపు పొరలు ఒకదానిపై నొకటి కదలునప్పుడు కలుగు నిరోధమునకే స్నిగ్ధత అని పేరు.

దీనిని కొలుచుటకు దారి చూపినవారిలో ప్వాజేయ్ అను ఫ్రెంచి వైద్యుడు ముఖ్యుడు. సన్నని నాళములలో రక్తము ఎట్లు ప్రవహించునో తెలిసికొనగోరి, ఆయన 1840 ప్రాంతమున గాజు గొట్టములలో ద్రవములను ప్రవహింపజేసి నియమమును కనుగొనెను. స్నిగ్ధతకు ప్రమాణమైన 'పాయిజ్' ఆయన పేరుమీద ఏర్పడినదే. 1851లో స్టోక్స్, ద్రవములో పడు గోళమునకు కలుగు నిరోధమును సూత్రీకరించెను. ఈ పద్ధతులకు గొట్టమునకో, గోళమునకో చాలినంత ద్రవము కావలెను. మరి జీవకణములోని ద్రవమును కొలుచుట ఎట్లు? కణమును చిదిపి బయటకు తీసినచో, అది జీవించియున్న కణములోని ద్రవము కానేరదు.

ఈ చిక్కు విడుటకు కావలసిన రెండవ సాధనమును గూడ స్టోక్సే సిద్ధపరచెను. క్వినైన్ ద్రావణము కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలి వెలుగు నిచ్చుటను పరిశీలించి, 1852లో ఆయన దానికి 'ఫ్లోరెసెన్స్' అని పేరు పెట్టెను. మనము దానిని ప్రతిదీప్తి అందుము.

ఈ రెంటికి ముడి పడుటకు డెబ్బది యేండ్లు పట్టినది. ధ్రువిత కాంతి సోకిన రంగు ద్రావణముల ప్రతిదీప్తియు కొంత ధ్రువితమై యుండుననియు, ద్రవము చిక్కనైనకొలది ఆ ధ్రువణము హెచ్చుననియు 1920లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వైగెర్ట్ గమనించెను. 1926లో ఫ్రాన్సిస్ పెరిన్ దీనిని గణితబద్ధముగా వివరించెను. అణువు కాంతిని గ్రహించి తిరిగి వెలువరించుటకు సెకండులో వందకోటి భాగములు కొన్ని మాత్రమే పట్టును. ఈలోపల నీటిలోని చిన్న అణువు గిర్రున తిరిగి తన దిశను కోల్పోవును. ధ్రువణము దాదాపు నశించును. నీటికి సుమారు వెయ్యిరెట్ల స్నిగ్ధతగల గ్లిసరినులో అంతలో తిరుగజాలదు, ధ్రువణము నిలుచును. కావున అణువు పరిమాణము, వెలుగు నిలుచు కాలము తెలిసినచో, ధ్రువణమునుబట్టి స్నిగ్ధతను గణింపవచ్చును.

1971లో ఫోర్‌స్టర్, హాఫ్‌మన్ అనువారు మరియొక మార్గమును విశదపరచిరి. కొన్ని రంగు అణువులలో ఒక భాగము మెలితిరిగినచో, గ్రహించిన శక్తి వెలుగు కాక వేడిగా పోవును. చిక్కని ద్రవము ఆ మెలికను అడ్డగించును, వెలుగు పెరుగును. 2008లో లండను ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఇట్టి అణువులను జీవకణములలో ప్రవేశపెట్టి, వెలుగు నిలుచు కాలమును కొలిచిరి. అణువులు చేరిన చోట్ల స్నిగ్ధత నీటికి నూరు రెట్లకు పైగా ఉన్నట్లు తేలెను.

కణములో పోషకములు, మందులు ఎంత త్వరగా వ్యాపించునో చాలవరకు నిర్ణయించునది స్నిగ్ధతయే. రక్తమునుగూర్చి ఒక వైద్యుడు వేసిన ప్రశ్న, గొట్టము చొరలేని చోటికి అణువు వెంట నడిచినది.