కదిలితే మాయం

మొన్న ఎత్తిపోతల వెళ్లినప్పుడు మా అబ్బాయి తీసిన ఫోటో చూపించాడు. కొండమీంచి ఎవరో పాలకుండ ఒంపినట్టుంది. "నీళ్లేవిరా?" అన్నాను.

"కెమెరా కన్ను కావాలనే ఎక్కువసేపు తెరిచి ఉంచానమ్మా. ఇదే అందం" అన్నాడు.

నవ్వొచ్చింది. ఒకప్పుడు ఫోటోగ్రాఫర్ల తలనొప్పే ఇది! 1839లో దగేర్ పద్ధతి బయటికొచ్చిన కొత్తలో, వెండిపూత వేసిన రాగిరేకు మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి కదలకూడదు. మనుషులకైతే తల వెనక ఇనప ఊత పెట్టి కూర్చోబెట్టేవారు. జలపాతానికి ఊత పెట్టేదెవరు? 1850ల నాటికి నిమిషాలు పోయి క్షణాలకు దిగినా, దూకే నీటికి క్షణం కూడా ఎక్కువే.

1853లో ప్లాట్ బాబిట్ అనే ఆయన నయాగరాలో, అమెరికా వైపు ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర కెమెరా పెట్టాడు. జలపాతం చూస్తూ మైమరిచి నిలబడ్డ యాత్రికుల్ని, వాళ్లకు చెప్పకుండా వెనకనుంచి ఫోటో తీసి, తర్వాత వాళ్లకే అమ్మేవాడు. (మన పుణ్యక్షేత్రాల్లో వెంటపడే ఫోటోవాళ్లకు మూలపురుషుడు కాబోలు!) ఇంకెవరైనా కెమెరా తెస్తే గొడుగులు అడ్డం పెట్టించేవాడట.

ఆ ఏడాది జూలైలోనే, జలపాతానికి ఎగువన ఒక పడవ కొట్టుకుపోయింది. ముగ్గురిలో ఇద్దరు అప్పుడే పోయారు. ఏవరీ అనే అతను మాత్రం బండల మధ్య ఇరుక్కున్న దుంగను పట్టుకుని ఉండిపోయాడు. దాదాపు 18 గంటలు! ఒడ్డంతా జనం. కాపాడాలని ఎన్నో విధాల చూశారు. చివరికి ప్రవాహం అతన్ని జలపాతంలోకి ఈడ్చుకుపోయింది.

అతను దుంగమీద ఉండగా బాబిట్ తీసిన రేకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. దాని అచ్చు బొమ్మ నేను చూశాను. చుట్టూ నీళ్లు అలికేసినట్టున్నాయి, నడుమ నల్లగా చిన్న ఆకారం. ప్రాణంకోసం కదలకుండా ఉన్నాడు గనకే ఆ మాత్రమైనా కనిపిస్తున్నాడు.

బాబిట్‌ని తిట్టబోయి ఆగాను. కెమెరా వదిలి పరుగెత్తితే మాత్రం ఆయనేం చెయ్యగలిగేవాడు? అయినా రేకు సిద్ధం చేస్తుంటే ఆ చేతులు వణికాయో లేదో తెలుసుకోవాలని ఉంది నాకు.

మా అబ్బాయి ఫోటో మళ్లీ అందుకున్నాను. పక్కన కటకటాల దగ్గర పొగలాంటి మసకేదో ఉంది.

"ఇదేమిట్రా?"

"నువ్వేనమ్మా. చెంగు సర్దుకుంటూ కదిలావు."