తణుకు పరిసరాలలో పంటభూముల మార్పిడి - బోదెల రక్షణ ఆవశ్యకత

పశ్చిమ గోదావరి జిల్లాలోని తణుకు పట్టణం గోదావరి పశ్చిమ డెల్టా ఆయకట్టు నడుమ, గోస్తనీ తీరాన ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ ప్రాంతం కాలక్రమంలో సార్వా, దాళ్వా రెండు పంటలు పండే మాగాణిగా రూపొందింది. 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపనతో పారిశ్రామిక కేంద్రమైంది. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి, నిడదవోలు - భీమవరం రైలు మార్గం పట్టణ విస్తరణకు దోహదం చేశాయి.

ధరల వ్యత్యాసం

పొలం ఎకరాల లెక్కన, ఇళ్ల స్థలం గజాల లెక్కన అమ్ముడవుతాయి. ఎకరానికి 4,840 చదరపు గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి పోను మిగిలిన గజాలపై వచ్చే మొత్తానికి సేద్యపు రాబడి సాటిరాదు. భూమి అమ్మిన యజమానికి ధర లభిస్తుంది. అదే భూమిని సాగు చేస్తున్న కౌలు రైతుకు మాత్రం జీవనాధారం పోతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు పంటపైనే హక్కు కల్పించింది, భూమిపై కాదు.

నీటి మార్గాలు

డెల్టా పొలాలు పల్లంగా ఉన్నందున స్థలాలను మట్టితో మెరక చేస్తారు. ఆ సందర్భంలో పంట బోదె పూడిపోతే దిగువనున్న శివారు పొలాలకు నీరందదు. మురుగు బోదె మూసుకుపోతే ఎగువ పొలాలు వర్షాకాలంలో ముంపునకు గురవుతాయి. సాగు గిట్టుబాటు కాని ఆ రైతులు కూడా క్రమేణా అమ్మకానికి మొగ్గుతారు. ఈ విధంగా ఒక లే అవుట్ ప్రభావం దాని సరిహద్దులను దాటుతుంది.

చట్టపరమైన స్థితి

వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చడాన్ని 2006 నాటి 3వ చట్టం నియంత్రించింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దానిని రద్దు చేసి, అనుమతుల దశలో బాహ్య అభివృద్ధి రుసుము విధానాన్ని ప్రవేశపెట్టింది. 2017 నాటి లే అవుట్ నిబంధనలు మొత్తం విస్తీర్ణంలో 10 శాతాన్ని ఖాళీ స్థలంగా విడిచిపెట్టాలని నిర్దేశించాయి. అనధికార లే అవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో నియమావళి వెలువడింది. అయితే స్థలాన్ని క్రమబద్ధీకరించినంత మాత్రాన పూడిన బోదె తిరిగి తెరచుకోదు.

భూమార్పిడికి ప్రత్యేక అనుమతి తొలగిన దృష్ట్యా లే అవుట్ మంజూరు దశకు ప్రాధాన్యం పెరిగింది. మెరక పనులకు ముందే గ్రామ పటంతో క్షేత్రస్థాయి బోదెలను సరిపోల్చడం, నీటిపారుదల అధికారులతో పాటు 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల అభిప్రాయం తీసుకోవడం శివారు ఆయకట్టు రక్షణకు అవసరమైన చర్యలు.